కొత్త వాగ్గేయకారుల ఆల్బమ్‌లు మనం వెతుక్కోవాలా, అవే మన దగ్గరికి రావాలా?

వానాకాలం
ఈ ఏడాది నెలకో కొత్త ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరిదాకా వరుసగా వినాలని పెట్టుకున్నాను. షరతు ఒక్కటే, రాసినవాళ్ళే పాడాలి, వాళ్ళకి అది మొదటిదో రెండోదో ఆల్బమ్ అయ్యుండాలి. మూడు నెలలు బాగానే నడిచింది కానీ మూడూ హిందీ, ఇంగ్లీషే. తెలుగు అని కొడితే యాప్ చూపించేవన్నీ సినిమా పాటలే. తెలుగులో ఇలాంటివాళ్ళు లేరా, నాకే వెతకడం రావట్లేదా? మీరెలా పట్టుకుంటున్నారు?

నిజామాబాద్ కుర్రోడు
లేకపోవడమేంటక్కా, గోరటి వెంకన్న గారికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కదా.

వానాకాలం
ఆయన పాటలు మా నాన్న కూడా పాడతారు తమ్ముడూ. నేనడిగేది ఇంకా ఎవరికీ తెలియనివాళ్ళ గురించి.

రెండోతీగ
ఉన్నారు. వినేవాళ్ళే వెతకట్లేదు. యాప్ ఏం చేస్తుంది? మీరు నిన్న విన్నదాన్ని, మీలాంటివాళ్ళు విన్నదాన్ని చూసి ఈరోజు ఇంకోటి పెడుతుంది. ఎవరూ వినని పాట ఆ లెక్కలోకి ఎక్కడ వస్తుంది? పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినబడకపోతే దానికి రాయల్టీ ఇవ్వరు. నాది ఎనిమిది పాటల ఆల్బమ్. రెండు దాటాయి, ఆరు దాటలేదు. ఆ ఆరింటికీ సున్నా. నేను రాసి, నేను పాడి, స్టూడియో అద్దె నా జీతంలోంచి కట్టుకుని చేసినవి.

పాతక్యాసెట్
1000 అంటే రోజుకు మూడుసార్లు. ఏడాది పొడుగునా రోజుకు ముగ్గురు వినలేదంటే తప్పు యాప్‌దా? నేను నెలనెలా డబ్బు కడుతున్నాను, ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది, ఇంక కూర్చుని వెతకడం కూడా నా డ్యూటీయేనా? చిన్నప్పుడు మాకు పాటలు రేడియోలోనే వచ్చేవి. లలిత సంగీతం, ‘ఈ మాసపు పాట’ అని పెట్టేవారు. రజనీకాంతరావు గారి పాటైనా ఎంకి పాటైనా మేం వెతుక్కుంటూ వెళ్ళలేదు, అవే ఇంట్లోకి వచ్చాయి.

రెండోతీగ
వాటంతట అవి రాలేదండి. ఆకాశవాణిలో చెవి ఉన్న మనిషి ఒకరు కూర్చుని ఎంచి పెట్టారు కాబట్టి వచ్చాయి. ఇప్పుడా కుర్చీలో ఎవరూ లేరు, నేను చెప్పేది అదే. రోజుకు మూడు అంటున్నారు, అది ఒక్క పాటకి. నాకు ఎనిమిది.

పాతక్యాసెట్
ఎనిమిదైనా పాటకి మూడే.

చికాగో తెలుగు
@వానాకాలం, బ్యాండ్‌క్యాంప్ అని పాటలు అమ్మే సైట్ ఉంది, అందులో ఊరి పేరుతో, సంగీతం రకంతో వెతకొచ్చు. ఆల్బమ్ నేరుగా కొనుక్కోవచ్చు, డిజిటల్ అమ్మకంలో వాళ్ళు మామూలుగా 15 శాతం తీసుకుంటారు. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పటి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదిలేస్తున్నారు. నేనైతే ఒక గాయకుడు నచ్చితే ఆ ఆల్బమ్‌లో గిటార్ ఎవరు, రికార్డింగ్ ఎవరు అని చూసి వాళ్ళు చేసిన మిగతావి వింటాను.

వానాకాలం
ఇది బాగుంది. థాంక్స్.

పాతక్యాసెట్
బాగున్నవాళ్ళు ఎలాగైనా బయటికొస్తారు. తనే రాసుకుని పాడే ప్రతీక్ కుహాడ్ పాట 2019లో ఒబామా తనకు నచ్చిన పాటలని పెట్టే లిస్టులో వచ్చింది. మన చౌరస్తా బ్యాండ్ రామ్ మిరియాలనే చూడండి.

రెండోతీగ
ఆయన ఊరూరా తెలిసింది 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాటతో. అంటే సినిమా గుమ్మం దాటితేనే కదా మీరు విన్నారు! ఇక్కడ హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో పాడుతుంటే రెండో పాట సగంలో వెయిటర్ చీటీ తెచ్చి నా గిటార్ కేసు మీద పెట్టాడు. బిల్లు కాగితం వెనక రాసుంది, ‘సినిమా పాటలు పాడండి, కస్టమర్లు వెళ్ళిపోతున్నారు’ అని. పాడాను. ఆ రాత్రి వచ్చిన చప్పట్లు ఒక్కటీ నావి కావు. మీలాంటివాళ్ళ వల్లే మా పాటలు చచ్చిపోతున్నాయి.

పాతక్యాసెట్
మీలాంటివాళ్ళంటే ఎవరు? ఇక్కడ నేనెవర్నీ తిట్టలేదు. మా అక్క కొడుకు కూడా ఆల్బమ్ చేశాడు. ‘ఎలా ఉంది మామయ్యా’ అనడిగితే రాత పలచగా ఉందిరా, ప్రతి పాటలో అదే వాన, అదే రైలు అన్నాను. రెండేళ్ళయింది, ఫోన్ ఎత్తడు. మీరంతా ‘సపోర్ట్ చేయండి, సపోర్ట్ చేయండి’ అంటారు. అంటే షేర్ చేయాలి, బాగోలేదని మాత్రం అనకూడదు. మీకు కావాల్సింది శ్రోతా, జాలిపడేవాడా? ముందు అది తేల్చుకోండి.

నిజామాబాద్ కుర్రోడు
అన్నా కూల్.

రెండోతీగ
జాలి ఎవరడిగారు? విని బాగోలేదనండి, నాలుగు మాటలు పడతాను. మీ మేనల్లుడు అదృష్టవంతుడు, మీరు అన్ని పాటలూ విన్నారు. నాకు ఇంతవరకు అలా చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ ‘సూపర్ బ్రో’ అని ఒక ఫైర్ బొమ్మ పెడతారు, తర్వాత చూసుకుంటే మొదటి పాట ముప్పై సెకన్ల దగ్గర ఆపేసి ఉంటుంది.

విశాఖమేఘన
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. @రెండోతీగ, ఇందాకటి నుంచి మీ ఆల్బమ్ వెతుకుతున్నాను. మీ ప్రొఫైల్‌లో పేరు తెలుగులో ఉంది, యాప్‌లో తెలుగులో కొడితే రాదు. ఇంగ్లీషులో ఆ పేరులోని ‘ఊరు’కి రెండు ఓలు పెట్టి చూశాను, యూ పెట్టి చూశాను, ముందు వీ కూడా పెట్టాను. చివరికి వీ పెట్టి ఓ ఒక్కటే ఉంచితే వచ్చింది! పాట రాసిందెవరో లేదు, సాహిత్యం లేదు. వెతికేవాళ్ళకి కూడా దొరక్కపోతే ఎలా అన్నా?

రెండోతీగ
ఇది నాకు తట్టనే లేదు. నా ఫోన్‌లో నా పేరు కొట్టగానే వస్తుంది కదా అనుకున్నాను. ఈ వారంలోనే మారుస్తాను.

పాతక్యాసెట్
ఆ స్పెల్లింగ్ ఇలా ఇవ్వమ్మా.

(మర్నాడు)

పాతక్యాసెట్
ఎనిమిదీ వరుసలో విన్నాను, వంట చేస్తూ కాదు, కూర్చుని. రెండు, ఐదు నాకు నచ్చలేదు, ట్యూన్ ఒకే చోట తిరుగుతోంది. ఏడో పాట రెండుసార్లు పెట్టుకున్నాను. నాలుగో పాటలో రెండో చరణం డ్రమ్స్ కింద మునిగిపోయింది, నాన్న, గోదారి అని మాత్రం వినబడింది. రోజుకు మూడు అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను.

రెండోతీగ
తీసుకోకండి. నాలుగోది ఇయర్‌ఫోన్స్‌లో మిక్స్ చేశానండి, అక్కడ తేడా తెలీలేదు. ఐదు మీద మీతో గొడవపడతాను గానీ ఇప్పుడు కాదు.

పాతక్యాసెట్
ఆ చరణం ఇక్కడ టైప్ చేయండి.

రెండోతీగ
గోదారి తీసింది, గుమ్మం ఆరింది
నాన్న చెప్పుల జత ఇంకా తడిగానే ఉంది
ఎండలో పెట్టింది అమ్మ, ఏడు రోజులు
తిప్పి తిప్పి పెట్టింది, వాకిలి వైపు