ఆఫీసు మెయిల్లో "వల్ల" ఎలా రాయాలి? కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్నకి జవాబులు

ప్రశ్న, డాలస్ నుంచి

అన్నలకీ అక్కలకీ నమస్తే. ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో పని. ఇంగ్లీషులో మాట్లాడటం బాగానే వచ్చు. కానీ ఫలానాది ఎందుకు జరిగిందో మెయిల్లో రాయాలంటే టెన్షన్ వస్తుంది. మొన్న రిలీజ్ ఆలస్యమైతే "బికాజ్ ఆఫ్ టెస్టింగ్ టీమ్, రిలీజ్ గాట్ డిలేడ్" అని రాశాను. ఆ టీమ్ లీడ్ నొచ్చుకున్నారు. వాళ్ళని అనాలని కాదు, టెస్ట్ సర్వర్ పడిపోయిందని చెప్పాలనుకున్నానంతే. "డ్యూ టు", "లెడ్ టు", "రిజల్టెడ్ ఇన్" వీటిలో ఎక్కడ ఏది వాడాలో కాస్త చెప్పండి.

జవాబు, న్యూజెర్సీ నుంచి

తమ్ముడూ, ముందు నువ్వు రాసిన వాక్యమే చూద్దాం. "బికాజ్ ఆఫ్" పక్కన మనిషినో టీమ్‌నో పెడితే చదివేవాళ్ళకి వేలెత్తి చూపించినట్టే ఉంటుంది. మనలోనూ అంతే కదా, "నీ వల్లే" అంటే ఎవరైనా ఊరుకుంటారా? అక్కడ మనిషి పేరు తీసేసి జరిగిన సంగతి పెట్టు: "ద రిలీజ్ ఈజ్ డిలేడ్ బై టూ డేస్. ద టెస్ట్ సర్వర్ వాజ్ డౌన్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే, సో వి కుడ్ నాట్ ఫినిష్ టెస్టింగ్." ఇందులో ఎవరి పేరూ లేదు, నిజమూ దాచలేదు. సర్వర్ ఎవరిదో తెలియాల్సినవాళ్ళకి ఎలాగూ తెలుసు.

ఇంకోటి గమనించు. మనం తెలుగులో మామూలుగా కారణం ముందు చెప్పి, ఫలితం చివర చెబుతాం. సర్వర్ పడిపోయింది, దాంతో టెస్టింగ్ ఆగింది, అందుకని రిలీజ్ వాయిదా పడింది. ఇదే వరస ఇంగ్లీషు మెయిల్లో పెడితే మేనేజర్ మూడో లైన్ దాకా వస్తేగానీ అసలు విషయం తెలియదు. పైగా ముందంతా సాకులు చెబుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఏం జరిగిందో మొదటి వాక్యంలో రాసెయ్యి, ఎందుకో రెండో వాక్యంలో రాయి. నన్నడిగితే, మాటల ఎంపిక కన్నా ఈ వరస మార్చుకోవడమే ముఖ్యం.

ఇక మాటల సంగతి. "బికాజ్" తర్వాత పూర్తి వాక్యం రావాలి. "బికాజ్ ఆఫ్", "డ్యూ టు" తర్వాత నామవాచకం రావాలి. "డ్యూ టు సర్వర్ వాజ్ డౌన్" అని మనవాళ్ళు చాలామంది రాస్తారు, అది కుదరదు. "డ్యూ టు ఎ సర్వర్ ఫెయిల్యూర్" అనాలి. "బికాజ్"తో మొదలుపెట్టిన వాక్యంలో మళ్ళీ "సో" పెట్టకు, రెండింట్లో ఒకటి చాలు.

"లెడ్ టు" అంటే సరిగ్గా మన "దారితీసింది". ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ పోయినప్పుడు బాగుంటుంది. స్పెల్లింగ్ ఎల్, ఈ, డి, మూడే అక్షరాలు. మధ్యలో ఏ చేరిస్తే "దారితీస్తుంది" అవుతుంది, లేదా సీసం అవుతుంది. స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు. "రిజల్టెడ్ ఇన్" పక్కన ఫలితం వస్తుంది, "రిజల్టెడ్ ఫ్రమ్" పక్కన కారణం వస్తుంది. ఈ రెండూ తారుమారైతే అర్థమే తిరగబడుతుంది: డిస్క్ పాడవడం వల్ల డేటా పోయిందనబోయి, డేటా పోవడం వల్ల డిస్క్ పాడైందని రాసినట్టవుతుంది.

"కాజ్" దగ్గర కాస్త జాగ్రత్త. మన "వల్ల" మంచికీ చెడుకీ రెండింటికీ పనికొస్తుంది. వర్షాల వల్ల పంట పండింది అంటాం, వర్షాల వల్ల పంట పోయింది అనీ అంటాం. "కాజ్" అలా కాదు. దాని పక్కన డ్యామేజ్, ప్రాబ్లమ్, డిలే, పెయిన్ లాంటివే ఎక్కువగా వస్తాయి. భాషావేత్త మైకేల్ స్టబ్స్ 1995లో ఈ మాట మీద పరిశోధన వ్యాసం రాసి, దాని పక్కన వచ్చేవి ఎక్కువగా చెడ్డవేనని చూపించారు. కాబట్టి కొత్త టూల్ వల్ల పని వేగం పెరిగిందని చెప్పడానికి "కాజ్డ్" వాడకు. "ద న్యూ టూల్ హెల్ప్డ్ అజ్ ఫినిష్ ఫాస్టర్" అను. "థాంక్స్ టు" మంచి వార్తకి వాడు. చెడ్డ వార్తకి వాడితే "నీ పుణ్యమా అని బస్సు తప్పింది" అన్నట్టు ఎత్తిపొడుపు అయిపోతుంది.

"సిన్స్" కూడా ఒక్కోసారి తికమక పెడుతుంది. "సిన్స్ వి అప్‌గ్రేడెడ్ ద సర్వర్, లాగిన్ హాజ్ బీన్ స్లో" అంటే అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి అనా, చేయడం వల్ల అనా? కారణం ఇంకా తేలకపోతే "ఆఫ్టర్ ద అప్‌గ్రేడ్" అని కాలం మాత్రమే చెప్పు.

తేలని కారణాన్ని తేలినట్టు రాయకపోవడం ఇక్కడ చాలా అవసరం. "అప్పియర్స్ టు బి", "మే హావ్ కంట్రిబ్యూటెడ్ టు", "వి ఆర్ స్టిల్ ఇన్వెస్టిగేటింగ్ ద కాజ్" ఇవి అలవాటు చేసుకో. అమెరికాలో విమాన ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చే రిపోర్టులు ఒకటి రెండు చదివి చూడు, అందరికీ ఉచితంగా దొరుకుతాయి. అన్ని నెలలు దర్యాప్తు చేసినవాళ్ళు కూడా "ప్రాబబుల్ కాజ్" అనే రాస్తారు. తోడైన కారణాలుంటే "కంట్రిబ్యూటింగ్ టు" అని విడిగా చెబుతారు. కారణం గురించి జాగ్రత్తగా రాయడం నేర్చుకోవడానికి నాకు తెలిసి అంతకన్నా మంచి పాఠం లేదు.

జవాబు, లీడ్స్ నుంచి

మెయిల్ సంగతి అన్న బాగా చెప్పారు. నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను కాబట్టి డాక్టర్ దగ్గర చెప్పే తీరు గురించి రాస్తాను. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇది తప్పకుండా పనికొస్తుంది తమ్ముడూ.

మనవాళ్ళు కారణంతో మొదలుపెడతారు. వేడి చేసింది, పడిశం పట్టింది, గ్యాస్ వల్లే. "హీట్" అంటే ఇక్కడి డాక్టర్‌కి మన అర్థం తెలియదు, జ్వరమేమో అనుకుంటారు. "నోట్లో పుండ్లు వచ్చాయి, ఇన్ని రోజులైంది, కారం తగిలితే మండుతోంది" అని చెబితే వాళ్ళకి కావలసింది దొరుకుతుంది. వాళ్ళు "వాట్ బ్రింగ్స్ ఇట్ ఆన్?" అని అడుగుతారు. ఏ జబ్బని కాదు ఆ ప్రశ్న, ఏం చేసినప్పుడు నొప్పి మొదలవుతోందని. "ఇట్ కమ్స్ ఆన్ వెన్ ఐ క్లైంబ్ ద స్టెయిర్స్", "ఇట్ గెట్స్ వర్స్ ఆఫ్టర్ మీల్స్", "రెస్ట్ మేక్స్ ఇట్ బెటర్" ఇలా చెప్పాలి. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే ఛాతీ నొప్పి గుండెకి సంబంధించినది కావచ్చు. దాన్ని "గ్యాస్" అని మనమే తేల్చేసి చెబితే అసలు ఆనవాలు మరుగున పడిపోతుంది. దయచేసి ఆ మాట పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఛాతీ నొప్పి ఉన్నట్టుండి వచ్చి తగ్గకపోతే మాత్రం మాటలు వెతుక్కోకుండా అక్కడ 911కి, ఇక్కడ 999కి ఫోన్ చేయండి.

మందు పడకపోతే "దిస్ టాబ్లెట్ మేక్స్ మీ ఫీల్ డిజీ" అనండి. "మేక్స్" తర్వాత "టు" రాదు. "కాజెస్" అయితే "టు" వస్తుంది గానీ, నోటితో చెప్పేటప్పుడు "మేక్స్" హాయిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, అక్కా. లీడ్‌కి ఇలా రాద్దామనుకుంటున్నా: "మై ఎర్లియర్ మెయిల్ వాజ్ నాట్ క్లియర్. ద డిలే వాజ్ డ్యూ టు ద సర్వర్ వాజ్ డౌన్, నాట్ డ్యూ టు యువర్ టీమ్." సరిపోతుందా?

జవాబు, న్యూజెర్సీ నుంచి

మొదటి వాక్యం చక్కగా ఉంది. రెండోదాంట్లో "ద డిలే వాజ్ డ్యూ టు ద సర్వర్ ఔటేజ్" దగ్గర ఆపెయ్యి. "నాట్ డ్యూ టు యువర్ టీమ్" తీసెయ్, ఆ మాట మళ్ళీ ఎత్తితే పాత మెయిల్ గుర్తుకొస్తుంది. మొన్న మెయిల్లో ఉన్నవాళ్ళందరికీ కాపీ పెట్టి, లంచ్ లోపే పంపించు.