లిబెరో పోయాడా, పేరు మార్చుకుని తిరుగుతున్నాడా?

మైదానం:
2023లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ సిటీ, ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌ను 1-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. అప్పటి నుంచి, ఆ ఫైనల్ ఆడిన సిటీ డిఫెండర్ గురించి ‘జాన్ స్టోన్స్ ఈ కాలపు లిబెరో’ అన్న మాట వినీ వినీ విసుగొచ్చింది. నాకిది మింగుడు పడటం లేదు. లిబెరో అంటే ఫలానా ఆటగాడిని కాపు కాయాలన్న బాధ్యత లేనివాడు. తోటి డిఫెండర్లందరికీ వెనక నిలబడి, వాళ్లను దాటి వచ్చిన బంతిని అందుకునేవాడు. స్వీపర్ అన్నా అతడే. స్టోన్స్ ఎవరి వెనకా నిలబడడు. బంతి తమ జట్టుకు దక్కగానే మిడ్‌ఫీల్డ్‌లోకి వెళ్లిపోతాడు. అసలు లిబెరో ఎప్పుడో పోయాడు. డిఫెండర్లంతా ఒకే వరుసలో నిలబడి ఆఫ్‌సైడ్ ఉచ్చు (పాస్ వేసే క్షణానికే ఆ వరుస దాటి ఉన్న ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్) పన్నుతుంటే, వాళ్ల వెనక ఇంకొకడు ఉంటే ఆ ఉచ్చులో పడేదెవరు? కాదనేవాళ్లు కారణంతో రండి.

ఐదో నంబరు:
మైదానం గారూ, మీరు వర్ణించింది అర్మాండో పిక్కీని. హెలెనియో హెరేరా కోచ్‌గా ఇంటర్ 1964, 1965లలో యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్ పాత పేరు) గెలిచినప్పుడు అతను చేసింది సరిగ్గా ఆ పనే. మరి పశ్చిమ జర్మనీ లిబెరో బెకెన్‌బవర్ సంగతేమిటి? 1972లో, మళ్లీ 1976లో అతనికి ఐరోపా ఉత్తమ ఆటగాడి అవార్డు బాలన్ డోర్ ఇచ్చింది వెనక కాపలా కాసినందుకు కాదు కదా! అప్పట్లో ఎవరి మనిషిని వాళ్లు పట్టుకునేవారు. లిబెరో ఎవరినీ పట్టుకోడు, అతన్నీ ఎవరూ పట్టుకోరు. అతను బంతితో ముందుకు కదిలాడంటే ప్రత్యర్థుల్లో ఒకడు తన మనిషిని వదిలి రావాలి, లేదా అతన్ని అలా రానివ్వాలి. రెండూ నష్టమే. స్టోన్స్ మిడ్‌ఫీల్డ్‌లోకి అడుగు పెట్టినప్పుడు ఎదుటి ఫార్వర్డ్‌లకు పట్టుకునే చిక్కు అచ్చంగా అదే. పిక్కీకి చెల్లిన పేరు బెకెన్‌బవర్‌కూ చెల్లితే, స్టోన్స్ దగ్గరే ఎందుకు ఆగాలి?

వెనకవరుస:
ఈ స్థానంలో పేర్లు ఎప్పుడూ పనికంటే ఆలస్యంగానే కదిలాయి. సెంటర్ హాఫ్ అంటే తర్వాత మధ్య డిఫెండర్ (సెంటర్ బ్యాక్) అయ్యాడు గానీ, మొదట అతను మిడ్‌ఫీల్డరే. 2-3-5 అమరికలో (వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు) మధ్య వరుస నడుమ ఉండేవాడు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు ఫార్వర్డ్‌కూ గోల్ లైనుకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, ఆ తర్వాత ఇద్దరు చాలు. గోల్స్ వెల్లువెత్తాయి. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి, వెనక ఉన్న ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మధ్య నిలబెట్టాడు. మనిషి వెనక్కి వెళ్లాడు, పేరూ అతనితోనే వెళ్లింది. తర్వాత చొక్కాలకు నంబర్లు వచ్చినప్పుడు ఐదో నంబరూ అతనికే దక్కింది. అర్జెంటీనాలో ఈనాటికీ ఐదో నంబరు అంటే మిడ్‌ఫీల్డరే, సెంటర్ బ్యాక్‌లవి రెండు, ఆరు.

అందుకని ‘లిబెరో’ అనాలా వద్దా అన్నది నాకు పెద్ద విషయం కాదు. అతని పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్నదే ప్రశ్న. వెనక సగం గోల్‌కీపర్‌కు వెళ్లింది. 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియా మీద జర్మనీ గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ ఆట చూడండి: పెనాల్టీ ఏరియా దాటి పరుగెత్తుకొచ్చి, ఫార్వర్డ్ కంటే ముందే బంతిని తన్నేశాడు, అదీ పదేపదే. ముందు సగం స్టోన్స్ లాంటివాళ్లకు వచ్చింది.

మైదానం:
వెనకవరుస గారూ, ఒకరి పనిని ఇద్దరికి పంచేశారంటే ఆ ఉద్యోగం రద్దయినట్టే కదా. నేను చెబుతున్నదీ అదే! అరిగో సాకీ కోచ్‌గా ఉన్నప్పటి ఏసీ మిలాన్‌లో డిఫెండర్ ఫ్రాంకో బరేసీని చూడండి. లిబెరోకు కావలసిన తెలివంతా ఉన్నవాడు. అయినా అతను మిగతావాళ్ల వెనక ఆగలేదు, నలుగురినీ ఒకే వరుసలో ముందుకు నడిపించాడు. 1989, 1990లలో యూరోపియన్ కప్ వాళ్లదే. లిబెరో కథ అక్కడితో సరి.

గోల్‌పోస్టు:
మీరు వరుసను తప్పుపడుతున్నారు గానీ, నా అనుమానం 1992 నిబంధన మీద. అంతకుముందు స్వీపర్ ఎంత ఒత్తిడిలో ఉన్నా బంతిని కాలితో గోల్‌కీపర్‌కు ఇచ్చేసేవాడు, కీపర్ చేతుల్లోకి తీసుకునేవాడు, గండం గడిచేది. ఆ దారి మూసుకుపోయాక వెనక ఒంటరిగా ఉన్నవాడి పరిస్థితి ఏమిటి?

ఐదో నంబరు:
ఇద్దరికీ కలిపి చెబుతున్నాను. సాకీ మిలాన్ తర్వాత, ఆ 1992 నిబంధన కూడా వచ్చాక, జర్మనీకి మథియాస్ సామర్ లిబెరోగా ఆడి 1996 యూరో (ఐరోపా దేశాల కప్) గెలిచాడు, అదే ఏడు బాలన్ డోర్ కూడా. 2004లో గ్రీస్ యూరో గెలిచింది వెనక డెల్లాస్‌ను స్వీపర్‌గా పెట్టుకునే. సెమీఫైనల్‌లో చెక్ జట్టు మీద గోల్ కొట్టింది కూడా ఆ డెల్లాసే.

మైదానం:
గ్రీస్ ఆ తర్వాత ఎంతమందికి దారి చూపించింది? ఎవరికీ లేదు.

తొమ్మిదో నంబరు:
ఫార్వర్డ్‌గా ఆడేవాడిని, అటువైపు నుంచి ఒక మాట. పొడవాటి బంతి గాలిలో వస్తున్నప్పుడు నా వీపుకు భుజం ఆనించి ఒక సెంటర్ బ్యాక్ ఎగురుతాడు. అతనితో నాకు పేచీ లేదు. నన్ను ఆడనివ్వనిది రెండోవాడు. మొదటివాడు ఎగరబోతున్నాడని తెలియగానే నాలుగడుగులు వెనక్కి, కాస్త లోపలికి జరిగిపోతాడు. నేను తలతో బంతిని వెనక్కి మళ్లించినా అది పడేది అతని కాళ్ల దగ్గరే. మరుక్షణం మళ్లీ వరుసలోకి వచ్చేస్తాడు. తర్వాతి బంతి అటువైపు వస్తే పాత్రలు తారుమారు: వెనక్కి జరిగినవాడు ఎగురుతాడు, ఎగిరినవాడు జరుగుతాడు. కాగితం మీద ఇద్దరూ సెంటర్ బ్యాక్‌లే. ఆ రెండు మూడు క్షణాలు మాత్రం ఒకడు స్టాపర్, ఒకడు స్వీపర్. దాన్ని స్వీపర్ పోవడమని నేను అనలేను.

వెనకవరుస:
ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన మాటల్లో నాకు నచ్చింది ఇదే. స్టోన్స్‌ను పట్టుకుని అందరం కిందామీదా పడుతున్నాం గానీ, స్వీపర్‌ను వెతకాల్సింది బంతి ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు.

మైదానం:
తొమ్మిదో నంబరు గారూ, మీరు చెప్పింది కవర్ చేయడం. అది ప్రతి డిఫెండర్‌కూ నేర్పే ప్రాథమిక పాఠం, స్థానం కాదు. లిబెరోను ఇంకా బతికించాలనుకుంటే స్టోన్స్‌ను వదిలేసి, ముగ్గురి రక్షణలో మధ్యవాడి గురించి వాదించండి. యువెంటస్‌లో బార్జాలీ, కియెల్లీనీ ఫార్వర్డ్‌లను చూసుకుంటుంటే నడుమ బొనూచి పొడవాటి పాసులు వేసేవాడు. ఆ వాదనైతే కూర్చుని వింటాను.

ఐదో నంబరు:
వినండి మరి. కానీ బొనూచిని ఒప్పుకున్న మరుక్షణం, ‘అందరికీ వెనక నిలబడేవాడు’ అన్న మీ నిర్వచనాన్ని మీరే వదులుకోవాలి. అతను కూడా ఆ ఇద్దరితో కలిసి వరుసలోనే నిలబడేవాడు.