చీటీలో రాసినది ఒకటి, షాపులో ఇచ్చినది మరొకటి: అమ్మ మందుల విషయంలో సలహా కావాలి

ప్రశ్న:
మా వీధిలో ఏడాది తిరగకుండానే రెండు పెద్ద చైన్ మందుల షాపులు ఎదురెదురుగా వచ్చాయి. ఒకరు 15 శాతం తగ్గింపు అంటే మరొకరు 20 అన్నారు. ఆ పోటీకి తట్టుకోలేక మా పాత షాపు పోయిన నెల మూతపడింది. ఈసారి అమ్మ బీపీ మాత్ర, థైరాయిడ్ సీసా రెండూ వేరే కంపెనీవి ఇచ్చారు. "అదే మందండీ, ఇంకా చౌక" అన్నారు. అమ్మ రంగు చూసి మాత్రలు గుర్తుపడుతుంది. పాత బీపీ మాత్ర, కొత్తది వేర్వేరనుకుని నిన్న రెండూ వేసుకుంది. ఏం చేయాలి?

జవాబు (ఫార్మసిస్టు):
ముందు అమ్మగారికి ఈరోజే బీపీ చూపించి, డాక్టరుకు ఫోను చేయండి. కళ్లు తిరుగుతున్నా, తూలుతున్నా ఆలస్యం చేయవద్దు. పాత షీటు ఆమెకు అందకుండా తీసేయండి.

తర్వాత షీటు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. రెండింటిపైనా టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. అని మాత్రమే ఉంటే మందు ఒకటే. బ్రాండు పేరు చివర 'ఏఎం' అనో 'హెచ్' అనో ఉంటే సాధారణంగా రెండో మందు కలిసినట్టే, అది వేరు. థైరాయిడ్ మాత్ర మాత్రం ఒకే కంపెనీది వాడటం మేలు. మోతాదులో కొద్ది తేడా కూడా దానికి లెక్కే. తప్పక మారిస్తే 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించాలి.

షెడ్యూల్ హెచ్ మందులను (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన ఒక జాబితాలోవి) చీటీలో రాసినదానికి బదులు అదే మందున్న మరో బ్రాండుగానైనా ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. మూత తీయని థైరాయిడ్ సీసాను బిల్లుతో తీసుకెళ్లి మార్చమనండి.

మరొకరు:
తగ్గింపు శాతం చూసి షాపు ఎంచుకోకండి. మాత్ర ఒక్కటికి ఎంత పడుతుందో లెక్క వేయండి. పది మాత్రల షీటు 120 రూపాయలనుకుంటే, 20 శాతం పోయినా మాత్ర 9.60 పడుతుంది. అదే మందు మరో కంపెనీది 15 మాత్రలు 75 రూపాయలైతే ఏ తగ్గింపూ లేకుండానే 5 రూపాయలు. షాపులు ఎన్ని పోటీపడినా బ్రాండు రాసేది డాక్టరే కదా! అందుకే ఆయననే అడిగి మందు అసలు పేరు రాయించుకోండి. అప్పుడు జన ఔషధి కేంద్రంలోనూ కొనవచ్చు. ప్రభుత్వ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద గరిష్ఠ ధర ఉంది. ఆ జాబితాలో లేనివాటి ఎంఆర్‌పీని కంపెనీలు ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. తగ్గింపు ఇచ్చేది ఆ పెరిగిన ధర మీదే.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరు చూశారు, బీపీ పరవాలేదు. సీసా మార్చి ఇచ్చారు. కానీ పాత షాపాయన రాత్రి పదకొండుకు తలుపు తట్టినా ఇన్సులిన్ ఇచ్చేవారు. ఇప్పుడు పదింటికే రెండు షాపులూ మూసేస్తున్నారు.

ఫార్మసిస్టు:
నిజమేనండీ, ఆ లోటు 20 శాతంతో తీరదు. పది రోజుల మందు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. పక్క వీధిలో చిన్న షాపు ఉంటే నెలవారీ మందుల జాబితా ముందే ఇవ్వండి. వాళ్లు టోకు వ్యాపారి దగ్గర నుంచి మీకు కావలసిన కంపెనీదే తెప్పిస్తారు.