గండికోట లోయ మీద పాలపుంత: ఎటు తిరిగి తీయాలి, ఏ సెట్టింగులు?

పెన్నా_క్లిక్:
ఏప్రిల్ అమావాస్య తర్వాత నాలుగు రోజులు గండికోటలో ఉండబోతున్నాం. దగ్గర ఉన్నవి కానన్ 1500డి, కిట్ లెన్స్ (18-55), ఓ మోస్తరు ట్రైపాడ్, కేబుల్ రిమోట్. కోట అంచున నిలబడి, కింద లోయ, పైన పాలపుంత మధ్యభాగం ఒకే ఫ్రేములో రావాలని కోరిక. టెస్టుగా ఊరి బయట 18 ఎంఎం, ఎఫ్ 3.5, 25 సెకన్లు, ఐఎస్ఓ 6400లో తీస్తే చుక్కలన్నీ చిన్న గీతల్లా సాగాయి, నేల నల్లగా ముద్దయిపోయింది, కింది ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఏ టైముకు, ఏ వైపు, ఎలా తీయాలో చెప్పగలరా?

వాయవ్యమూల:
ముందు దిక్కు సంగతి తేల్చుకోండి, సెట్టింగులు తర్వాత. కోట తూర్పుకు పారే పెన్నకు కుడి గట్టున ఉంది, అంటే లోయ కోటకు ఉత్తరంగా పడుతుంది. అంచున నిలబడి లోయలోకి చూస్తే ఉత్తరం వైపు చూస్తున్నట్టే. పాలపుంత మధ్యభాగం ఉండేది వృశ్చికం తోక దగ్గర, మూలా నక్షత్రానికీ ధనుస్సుకీ మధ్య. అది ఆగ్నేయంలో లేచి దక్షిణం మీదుగా నైరుతిలో అస్తమిస్తుంది. అంటే మీరు లోయ వైపు కెమెరా పెట్టినంతసేపూ అది మీ వీపు వెనకే. బండ అంచు వంకరగా పోతుంది కాబట్టి నిలబడే చోటును బట్టి కాస్త అటూఇటూ అవుతుంది, పగలే దిక్సూచి పెట్టి చూసుకోండి. నెట్‌లో లోయ మీద నిటారుగా పాలపుంత నిలబడ్డ గండికోట ఫొటో కనిపిస్తే, చాలావరకు రెండు దిక్కుల ఫొటోలు అతికించినదే. అతికించడం తప్పని నేననను. ఆ మాట కింద రాయకపోవడమే చిరాకు.

మధ్యభాగమే కావాలంటే ముందువైపున లోయ బదులు కోట కట్టడాన్నో, ఒంటరి బండనో, చెట్టునో పెట్టుకోండి. దానికి వాయవ్యంగా నిలబడి ఆగ్నేయానికి తిరగాలి. లోపలి గుడి, మసీదు, ధాన్యాగారం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రాత్రి ప్రవేశానికీ, ట్రైపాడ్‌కీ అనుమతి సంగతి పగలే అక్కడి సిబ్బందిని అడగండి.

టైము: ఏప్రిల్ మధ్యలో మధ్యభాగం రాత్రి 11 ప్రాంతంలో లేస్తుంది, రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది. లేవగానే తీయకండి. సరిగ్గా ఆ వైపే ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం, కాస్త తూర్పుకు ప్రొద్దుటూరు, ఇంకా దగ్గర్లో జమ్మలమడుగు వెలుగులు ఉంటాయి. ఒంటిగంటకు అది 25 డిగ్రీల ఎత్తుకు వచ్చి ఆ వెలుగు పైకి తేలుతుంది, అప్పుడు అచ్చంగా ఆగ్నేయంలో ఉంటుంది. నాలుగున్నరకు దక్షిణాన 46 డిగ్రీలు. మీ లెన్స్ 18 దగ్గర నిలువుగా పట్టినా 63 డిగ్రీలే చూస్తుంది, నేలకు కొంత వదిలితే మధ్యభాగం ఫ్రేము పై అంచుకు తగులుతుంది. అందుకే ఒంటిగంట నుంచి రెండింబావు మంచి సమయం. ఎలాగూ నాలుగుముప్పావు నుంచి తెల్లవారు వెలుగు మొదలవుతుంది.

అన్నట్టు, ఎండాకాలం దుమ్ము తెర నేలకు దగ్గర్లో చుక్కల్ని మింగేస్తుంది. మామిడి జల్లు పడిన మర్నాటి రాత్రి దొరికితే వదలకండి.

ఎఫ్‌టూ:
చుక్కలు సాగడం గురించి. 500ను ఫోకల్ లెంగ్తుతో భాగించే పాత సూత్రం మీ కెమెరాకు 500 ÷ (18 × 1.6) = 17 సెకన్లు చెబుతుంది (1.6 అనేది మీ కెమెరా చిన్న సెన్సారు లెక్క). 24 మెగాపిక్సెళ్ల సెన్సారుకు అది కూడా ఎక్కువే. పిక్సెల్ సైజు కూడా లెక్కలోకి తీసుకునే ఎన్‌పీఎఫ్ సూత్రం ఇదీ: (35 × ఎఫ్ సంఖ్య + 30 × పిక్సెల్ సైజు మైక్రాన్లలో) ÷ ఫోకల్ లెంగ్తు. మీ పిక్సెల్ సుమారు 3.7 మైక్రాన్లు. (122 + 111) ÷ 18, అంటే 13 సెకన్లు. మధ్యభాగం ఖగోళ మధ్యరేఖకు 29 డిగ్రీలు దక్షిణాన ఉంది కాబట్టి కాస్త నిదానంగా కదులుతుంది, 15 వరకు పోవచ్చు. 25 అయితే గీతలే.

13 సెకన్లు, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200. రా ఫైలు (కెమెరా సవరించనిది), వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్. కదలకుండా వరసగా 20 ఫ్రేములు. వాటిని సీక్వేటర్‌లో కలపండి (విండోస్‌లో ఉచితం). నేలను విడిగా మాస్క్ చేసి "ఫ్రీజ్ గ్రౌండ్" పెడితే చుక్కల్ని సరిపెట్టేటప్పుడు నేల చెదరదు. నాయిస్ (ఫొటోలో మచ్చలు) ఫ్రేముల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది, 20కి దాదాపు నాలుగున్నర రెట్లు. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతి ఫ్రేము తర్వాత అంతే సేపు ఖాళీగా కూర్చుంటుంది. బదులుగా చివర్లో లెన్స్ మూత పెట్టి అవే సెట్టింగుల్లో 10 డార్క్ ఫ్రేములు తీయండి. అక్కడికక్కడే తీయాలి, గదికొచ్చి ఏసీలో తీస్తే సెన్సారు వేడి మారి పనికిరావు. ఏప్రిల్ రాత్రి వేడికి ఎరుపు, నీలం చుక్కలు బాగా వస్తాయి, వాటిని తీసేయడానికే ఈ డార్క్ ఫ్రేములు.

ఫోకస్: ఈ కిట్ లెన్స్‌కు దూరం అంకెలుండవు. 18 దగ్గర పెట్టి, ఫోకస్ మీటను ఎంఎఫ్ (చేత్తో ఫోకస్)కు, ఐఎస్ (కుదుపు తగ్గించే) మీటను ఆఫ్‌కు మార్చి, లైవ్ వ్యూలో స్వాతినో జ్యేష్ఠనో పది రెట్లు పెద్దది చేసి, అతి చిన్న చుక్కయ్యేదాకా ముందు రింగు తిప్పండి. ఆ రింగుతోపాటు ముందు అద్దమూ తిరుగుతుంది, కాబట్టి రింగు మీద నుంచి గొట్టం మీదికి టేపు అంటించండి. జూమ్ ముట్టుకున్నారంటే మళ్లీ మొదటికే.

లెన్స్ మార్చే ఆలోచన ఉంటే సెకండ్ హ్యాండ్‌లో 14 ఎంఎం ఎఫ్ 2.8 మాన్యువల్ లెన్స్ చూడండి. బాడీ మార్చడం కంటే అదే నయం.

పెన్నా_క్లిక్:
దిక్కు సంగతి అసలు ఊహించలేదు, థాంక్స్ అండి. నేల నల్లగా రావడానికి టార్చి కొట్టనా? ఇక లోయను వదిలేయాల్సిందేనా?

ధ్రువం_15:
టార్చి వద్దు. లోయ వెడల్పు వంద గజాల దాకా ఉంటుంది, అవతలి బండకు మీ వెలుగు చాలదు, ఇవతలి బండ మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోతుంది. మీ తేదీలు చంద్రుడికి సరిగ్గా కుదిరాయి. శుక్ల చవితి చంద్రుడు తొమ్మిదిన్నర దాటాక అస్తమిస్తాడు. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య పడమటి నుంచి పక్కవాటుగా పడే వెలుగులో బండల గరుకు బాగా తేలుతుంది. ఎఫ్ 4, ఐఎస్ఓ 800, బల్బ్ (బటన్ నొక్కినంతసేపు తెరిచి ఉంచే) మోడ్‌లో 2 నిమిషాలతో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (వెలుగు చీకట్ల గ్రాఫు) చూసి సరిచేయండి. ఆగ్నేయం ఫ్రేముకైతే ట్రైపాడ్ అంగుళం కదపకుండా ఒంటిగంట దాకా అలాగే ఉంచి ఆకాశం తీయాలి. కాళ్లు సగమే చాపి, ఒక కాలు ముందుకు ఉండేలా పెట్టండి. మధ్య కడ్డీ పైకి లేపొద్దు. బ్యాగు వేలాడదీస్తే గాలికి ఊగి మరింత కదిలిస్తుంది, నేలకు ఆనేలా కట్టండి.

లోయను ఎందుకు వదలాలి? ఉత్తరం ఉందంటే ధ్రువ నక్షత్రం ఉన్నట్టే. గండికోటలో అది నేలకు 15 డిగ్రీల పైన ఉంటుంది, లోయ మీద చుక్కల గీతల ఫొటోలు, అంటే స్టార్ ట్రైల్స్‌కు ఇంతకంటే చోటు లేదు. చంద్రుడు ఉండగా లోయ ఫ్రేము ఒకటి తీసి, అస్తమించాక 30 సెకన్లు, ఎఫ్ 4, ఐఎస్ఓ 800, కంటిన్యువస్ మోడ్‌లో రిమోట్ బటన్ లాక్ చేసి వదిలేయండి. 2 గంటలకు 230 ఫ్రేముల దాకా వస్తాయి, ప్రతి చుక్కా 30 డిగ్రీల చాపం గీస్తుంది. గీత వెలుగు ఎపర్చర్, ఐఎస్ఓ మీదే ఆధారపడుతుంది. ఎక్స్‌పోజర్ పెంచినా గీత పొడుగవుతుందే తప్ప వెలగదు, ఎందుకంటే చుక్క ఒక పిక్సెల్ మీద కాసేపే నిలుస్తుంది. కలపడానికి స్టార్‌స్టాక్స్, అందులో గ్యాప్ ఫిల్లింగ్ (గీతల మధ్య ఖాళీలు పూడ్చేది) పెట్టండి. మధ్యలో బ్యాటరీ మార్చే పని పెట్టుకోవద్దు, ఫ్రేము కదులుతుంది. నిండా చార్జ్ చేసిన బ్యాటరీతోనే మొదలుపెట్టి, స్క్రీన్ ఆపేయండి.

ఒకే రాత్రి రెండూ చేయాలంటే ఒక్క కెమెరాతో ట్రైపాడ్ రెండు చోట్ల నిలవదు కదా. మొదటి రాత్రి ట్రైల్స్, మర్నాడు మధ్యభాగం పెట్టుకోండి.

వాయవ్యమూల:
ఇంకోటి. కోట అంచున కమ్మీలు లేవు. నిలబడే చోటు పగలే ఎంచుకుని, అంచుకు రెండు గజాల ఇవతల తెల్ల టేపు అంటించిన రాళ్లు వరసగా పెట్టి, తిరిగొచ్చేటప్పుడు తీసేయండి. ఎర్ర లైటున్న హెడ్‌ల్యాంపు వాడితే కళ్లు చీకటికి అలవాటుపడ్డది పోదు. ఆ నారింజ రంగు సోడియం దీపాలదైతే లెన్స్ ముందు పెట్టే డిడిమియం ఫిల్టర్ కొంత ఆపుతుంది. తెల్ల ఎల్ఈడీ వెలుగును ఏ ఫిల్టరూ పూర్తిగా ఆపలేదు, దాని మీద డబ్బు తగలేయకండి.