బేబీ బొంత: అడ్డం కుట్లు వేస్తుంటే అడుగు గుడ్డ ముడతలు పడుతోంది, ఎందుకు?

10 అంగుళాల కాటన్ ముక్కలు 16, నాలుగేసి చొప్పున నాలుగు వరసలు, పావు అంగుళం కుట్టు మార్జిన్. వరస వరసకీ మార్జిన్‌ని ఎదురు దిక్కుకి మడిచి ఇస్త్రీ చేస్తే మూలలు చక్కగా కలిశాయి, పైభాగం సరిగ్గా 38.5 అంగుళాలు వచ్చింది. అడుగు గుడ్డ 42 అంగుళాలు, మధ్యలో పల్చటి కాటన్ బ్యాటింగ్ (లోపల పరిచే దూది పొర), నాలుగంగుళాలకో పిన్నీసు. మెషిన్‌కి వాకింగ్ ఫుట్ (పై గుడ్డనీ అడుగు గుడ్డనీ సమానంగా జరిపే ఫుట్), 3 మిల్లీమీటర్ల కుట్టు.

మధ్య నుంచి అంచులకి వేసిన నిలువు కుట్లలో ఒక్క ముడతా లేదు. అడ్డం కుట్టు నిలువు కుట్టుని దాటే ప్రతిచోటా మాత్రం అడుగున బియ్యపు గింజంత మడత పడుతోంది. పైన నున్నగానే ఉంటుంది, తిప్పి చూస్తే గానీ తెలీదు.

అడుగు గుడ్డ బిగువుగా పరవకపోవడం వల్లా, ఫుట్ ఒత్తిడి ఎక్కువై గుడ్డని ముందుకు నెట్టడం వల్లా? కుట్లన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టాలా, మార్చి మార్చి వేయాలా? నిలువు కుట్లు విప్పకుండా సరిచేసే దారి ఉంటే చెప్పండి. జిగురు స్ప్రే మాత్రం వద్దు, పసిపిల్లల బొంత కదా.