ఇరుకు సందులోని మేడ మీద పడే ఎండను ఉపగ్రహ సమాచారంతో అంచనా వేయవచ్చునా?

బరంపురం వాసి:
మాది బరంపురంలో ఇరుకు సందులోని రెండంతస్తుల మేడ. సోలార్ ప్యానెళ్లు పెట్టించే ముందు, చదరపు మీటరుకు రోజుకు ఎన్ని కిలోవాట్ అవర్ల ఎండ పడుతుందో ఉపగ్రహ సమాచారంతో ఎండ అంకెలిచ్చే నాసా పవర్ వెబ్‌సైటులో నెలలవారీగా చూశాను. గోపాల్‌పూర్‌లోని మా వియ్యంకుల ఇంటికీ సరిగ్గా అవే అంకెలు వచ్చాయి. పైగా మాకు దక్షిణాన ఒక అంతస్తు ఎక్కువున్న ఇల్లు ఉంది. ఈ అంకెలను నమ్మి డబ్బు పెట్టవచ్చునా?

జయపురం ఉపాధ్యాయుడు:
ఆ సమాచారం ఒక్కో డిగ్రీ పొడవూ వెడల్పూ ఉన్న గడులలో, గడికొక అంకెగా ఉంటుందండి. డిగ్రీ అక్షాంశమంటే సుమారు 111 కిలోమీటర్లు కనుక తీరమూ మీ సందూ ఒకే గడిలో పడ్డాయి. అసలు ఉపగ్రహం నేల మీది ఎండను నేరుగా కొలవదు. మబ్బు తెల్లగా మెరుస్తుంది కాబట్టి, పైకి తిరిగి వచ్చే వెలుతురును బట్టి దాని దట్టం ఎంతో గ్రహించి, నీటి ఆవిరి, ధూళి హరించినది పోగా నిర్మలమైన రోజున నేలకు చేరవలసిన ఎండలోంచి ఆ మేరకు తగ్గిస్తారు. 2016లో ప్రయోగించిన ఇన్సాట్-3డీఆర్ వంటి మన వాతావరణ ఉపగ్రహాలు అరగంటకొక చిత్రం తీస్తాయి కనుక మబ్బుల రాకపోకలు బాగానే తెలుస్తాయి. పక్కింటి గోడ మాత్రం వాటి లెక్కలోకి రాదు.

పర్లాకిమిడి నుంచి:
గోడ లెక్క మీరే కట్టవచ్చు. డిసెంబరు 21న మీ ఊళ్లో మధ్యాహ్న సూర్యుడు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు నీడ ఉత్తరంగా గోడ ఎత్తుకు 0.92 రెట్లు, ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి సుమారు 1.2 రెట్లు సాగుతుంది. జూన్ 21న మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు కనుక అప్పుడు ఆ గోడ అడ్డు రాదు. వానాకాలంలో మబ్బుల్లో చెదిరిన వెలుతురే ఎక్కువ. అందుకే నేరుగా పడే ఎండనూ చెదిరిన వెలుతురునూ విడివిడిగా తీసుకోండి. మొదటిదాన్ని నీడ పడే గంటల్లో తీసివేయాలి, రెండోదాన్ని మేడ మీంచి కనిపించే ఆకాశపు వాటాను బట్టి తగ్గించాలి. ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహంతో తయారైన ఎత్తుల పటం 30 మీటర్ల గడులది, అందులో మీ సందే కనబడదు. టేపుతో కొలవడమే మేలు.

బరంపురం వాసి:
కొలిచాను. వారి పిట్టగోడ మా గచ్చుకన్నా 3.5 మీటర్లు ఎత్తు, మధ్య సందు 2 మీటర్లు. అంటే డిసెంబరులో ఉదయం 9కి మా మేడ మీద 2.2 మీటర్ల దాకా నీడ వస్తుంది.

జయపురం ఉపాధ్యాయుడు:
అయితే దక్షిణపు అంచు నుంచి రెండున్నర మీటర్లు వదిలి పెట్టించండి. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా వరుసంతటి ఉత్పత్తి తగ్గుతుంది కనుక, చోటు చాలకపోతే రెండు ప్యానెళ్లు తగ్గించుకోవడమే నయం.