మూడు నెలల ప్లేస్‌మెంట్ శాతాన్ని శిక్షణ ఫలితం అనవచ్చా?

ప్రశ్న: మెట్ట ఊరు

ఉత్తరాంధ్రలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. గ్రామీణ యువతకు ప్రభుత్వ ఖర్చుతో, భోజన వసతులతో ఉద్యోగ శిక్షణ ఇచ్చే ఒక కేంద్రం రెండేళ్లలో ఏం సాధించిందో పరిశీలించి నివేదిక ఇచ్చే పని మాకు అప్పగించారు. కేంద్రం వారు ఇచ్చిన పట్టికలో ప్రతి బ్యాచ్‌కూ చేరినవారు, పూర్తిచేసినవారు, సర్టిఫికెట్ పొందినవారు, ప్లేస్‌మెంట్ పొందినవారు అని నాలుగు గడులున్నాయి. చివరి గడిలో దాదాపు ప్రతి చోటా 75 శాతానికి ఒకటి రెండు ఎక్కువే కనిపిస్తోంది; 74 ఉన్న బ్యాచ్ ఒక్కటీ లేదు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద శిక్షణ పొందినవారిలో కనీసం 75 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్న నిబంధన ఉన్నదని, మూడు నెలలు పనిలో ఉంటేనే దాన్ని ప్లేస్‌మెంట్‌గా లెక్కిస్తారని తెలుసు కనుక, అంకెలన్నీ ఆ గీత దగ్గరే గుమిగూడడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు గానీ, అనుమానం మాత్రం కలిగింది.

35 మంది ఉన్న ఒక రిటైల్ బ్యాచ్ ఫైలు తీసి, ప్లేస్‌మెంట్ పొందినట్టు చూపిన 27 మందికీ స్వయంగా ఫోన్లు చేశాను. వారు శిక్షణ ముగించి ఏడాదిన్నర అయింది. 11 నంబర్లు పనిచేయడం లేదు. మూడు నంబర్లకు ఒకే మనిషి పలికాడు. ఆయన వారిని కేంద్రంలో చేర్పించిన మొబిలైజర్. మిగిలిన 13 మందిలో నలుగురు మాత్రమే ఏదో ఒక షాపులో ఉద్యోగం చేస్తున్నారు. తక్కినవారు ఇంటికి తిరిగి వచ్చేశారు. అయినా కాగితాల్లో దొంగలెక్కలేమీ నాకు కనిపించలేదు. శాలరీ స్లిప్పులున్నాయి, బ్యాంకు ఖాతాలో మూడు నెలలు జీతం పడినట్టు ఎంట్రీలున్నాయి.

ఇప్పుడు నా ప్రశ్న ఏమిటంటే, 77 శాతం విజయమని రాయాలా, 27లో నలుగురే మిగిలారని రాయాలా? రెండూ నిజాలే అయినప్పుడు దేన్ని ఫలితమనాలి? మా చేతిలో రెండు నెలల సమయం, ఇద్దరు మనుషులు, ఒక బండి ఉన్నాయి.

జవాబు: లెక్కల పంతులు

మీరు చెప్పిన రెండు అంకెల్లో ఏదీ శిక్షణ ఫలితం కాదన్నది నా అభిప్రాయం. ఆ పిల్లలు కేంద్రానికి రాకుండా ఉండి ఉంటే ఈపాటికి ఏం చేస్తూ ఉండేవారో, ఎంత సంపాదిస్తూ ఉండేవారో తెలిస్తే, ఆ స్థితికీ ఇప్పటి స్థితికీ ఉన్న తేడాను ఫలితమనవచ్చు. రాకపోయినా విజయనగరంలోనో గాజువాకలోనో ఏదో ఒక షాపులో చేరేవాడే అయితే, వాడి ప్లేస్‌మెంట్ మన పట్టికలో విజయంగా కనిపించినా ప్రజాధనం వల్ల కలిగిన మేలు సున్నా. అలా కాక ఇంట్లోనే ఉండిపోయే అమ్మాయి, బయటికెళ్లి ఎనిమిది నెలలు పనిచేసి తిరిగి వచ్చినా, అందులో శిక్షణకు కొంత వాటా ఉంది.

శిక్షణకు ముందు జీతం ఎంత, తర్వాత ఎంత అని పోల్చితే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. అందులో ఉన్న మోసాన్ని ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త 1978లోనే చూపించారు. మనుషులు శిక్షణలో చేరేది సాధారణంగా పని పోయి, ఆదాయం పడిపోయిన తరుణంలో. ఆ అడుగు నుంచి కొంత ఎత్తుకు వారు ఎలాగూ లేస్తారు. అడుగున ఉన్నప్పటి ఆదాయంతో పోల్చినప్పుడు ఏ శిక్షణైనా గొప్పగానే కనిపిస్తుంది; జ్వరం తగ్గే రోజున మందు వేసినవాడిదే హస్తవాసి అన్నట్టు. పోనీ చేరనివారితో పోల్చుదామంటే, అందులోనూ చిక్కు ఉంది. అమెరికాలో 1970లలో లాటరీ పద్ధతిలో నడిపిన ఒక ఉపాధి కార్యక్రమం లెక్కలను రాబర్ట్ లాలోండ్ 1986లో తిరిగి తీసి, లాటరీలో పేరు రానివారి స్థానంలో సాధారణ సర్వేల నుంచి ఎంచిన మనుషులను పెట్టి చూశారు. ఎవరితో పోల్చితే దానికి తగ్గట్టు జవాబు మారింది; చాలా సందర్భాల్లో అది లాటరీ చూపిన అసలు ఫలితానికి దూరంగా ఉంది.

అందుకే సీట్లకు మించి దరఖాస్తులు వచ్చినచోట చీటీలు తీసి, పేరు వచ్చినవారిని రానివారితో పోల్చడం మేలైన మార్గం. కొలంబియాలో పట్టణ పేద యువతకు నడిపిన శిక్షణలో 2005లో అలాగే చేశారు. అందులో అమ్మాయిల సంపాదన సుమారు 20 శాతం పెరిగిందని తేలింది గానీ, అబ్బాయిల విషయంలో అంత స్పష్టమైన మేలు కనిపించలేదు. మన ఢిల్లీలోనే మురికివాడల మహిళలకు ఆరు నెలల కుట్టుపని శిక్షణను ఇదే పద్ధతిలో పరీక్షించగా, శిక్షణ పొందినవారు పనిచేసే అవకాశమూ సంపాదనా పెరిగాయని, ఏడాదిన్నర తర్వాత కూడా ఆ తేడా నిలిచిందని తేలింది. మీ కేంద్రంలో చేరదలచినవారి జాబితా ఉంటే రాబోయే బ్యాచ్‌కు మీరూ చీటీలు వేయవచ్చు.

జవాబు: పాత మొబిలైజర్

పంతులు గారికి నమస్కారం. చీటీల మాట వినడానికి బాగానే ఉంది గానీ, నేను నాలుగేళ్లు ఇదే పని చేశాను. సీట్లకు మించి దరఖాస్తులు రావడం ఒక్కసారి కూడా చూడలేదు. ఊరూరా తిరిగి, సర్పంచిని కలిసి, పిల్లల తల్లులకు హాస్టల్ ఫోటోలు చూపించి, బతిమాలి బ్యాచ్ నింపేవాళ్లం. మీ ఫైల్లో మొబిలైజర్ నంబరు కనబడటానికి కారణం కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. పిల్లవాడి దగ్గర ఫోన్ ఉండదు, తండ్రి నంబరు ఆ పూటకు రీచార్జి లేక మూగపోయి ఉంటుంది, ఫారంలో గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు. అక్కడ మొబిలైజర్ నంబరు వేసేస్తారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై కాగ్ ఇచ్చిన నివేదికలో, బ్యాంకు ఖాతా ఉండవలసిన గడిలో సున్నాలో ఖాళీలో ఉన్న రికార్డులు లక్షల్లో ఉన్నాయని చదివినప్పుడు నేను నవ్వుకున్నాను, ఆ గడులను నింపిన చేతుల్లో నావీ రెండు కనుక.

అసలు విషయం మరొకటి ఉంది. కేంద్రానికి రావలసిన డబ్బులో కొంత భాగం ప్లేస్‌మెంట్ చూపించాకే విడుదలవుతుంది. అందువల్ల మాకు పైనుంచి వచ్చే మాట, నోటిమాటే సుమా, కాగితం మీద ఎక్కడా ఉండదు, 'నిలబడే పిల్లల్ని తీసుకురా' అని. నిలబడే పిల్లలంటే ఎవరు? ఇంటర్ పాసై, కాస్త చొరవగా మాట్లాడుతూ, అన్నో మామో అప్పటికే హైదరాబాదులో ఉన్నవాళ్లు. వాళ్లకు మేము లేకపోయినా ఉద్యోగం దొరుకుతుంది. ఏజెన్సీ గ్రామంలో ఎనిమిదో తరగతితో ఆపేసిన అమ్మాయిని చేర్పిస్తే మూడో వారానికే ఇంటి మీద బెంగతో వెళ్లిపోతుందని, నా ఇన్సెంటివ్ పోతుందని భయం. శిక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే పట్టిక బయటికి నెట్టేస్తుంది.

ఇంకొకటి, నాలుగో నెల సంగతి. మూడో జీతం పడ్డాక పిల్లవాడికి మా నుంచి ఫోన్ వెళ్లడం ఆగిపోతుంది. అప్పటిదాకా 'ఇంకొక్క నెల ఓర్చుకో నాన్నా' అని రోజూ చెప్పే మేమే, ఆ తర్వాత వాడు ఏమయ్యాడో అడగం. మెట్ట ఊరు గారు చూసిన 27లో నలుగురు అన్న లెక్క నాకు మరీ తక్కువగా ఏమీ అనిపించలేదు.

జవాబు: ఒహాయో తెలుగు

నేను అమెరికాలో ఒక కౌంటీ ఉపాధి కేంద్రంలో పనిచేస్తున్నాను. పాత మొబిలైజర్ గారు చెప్పిన తంతు ఇక్కడా జరిగింది. 1982 నాటి ఉద్యోగ శిక్షణ చట్టం కింద కేంద్రాల పనితీరును కొన్ని వారాల వ్యవధిలో కొలిచేవారు. శిక్షణ ముగిసినా ఉద్యోగం దొరకనివారి పేరును రికార్డులో 'పూర్తయింది' అని మూసేయకుండా, ఉద్యోగం దొరికేవరకు లాగడం ఇక్కడి కేంద్రాలు నేర్చుకున్నాయి. అదే కార్యక్రమాన్ని 16 చోట్ల, సుమారు 20,000 మంది దరఖాస్తుదారులతో లాటరీ పద్ధతిలో పరీక్షించినప్పుడు, వయోజనుల సంపాదన కొంతమేర పెరిగిందని, యువతకు మాత్రం ఏ మేలూ జరగలేదని తేలింది. ఆ సమాచారాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, కేంద్రాలను మెచ్చుకోవడానికి వాడిన స్వల్పకాలిక కొలమానాలకూ దీర్ఘకాలంలో నిజంగా కలిగిన మేలుకూ దాదాపు పొంతన లేదని చూపించారు.

2014లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఇప్పుడు మేము శిక్షణ ముగిశాక రెండో త్రైమాసికంలోనూ నాలుగో త్రైమాసికంలోనూ ఉద్యోగం ఉన్నదా అని చూస్తాం, రెండో త్రైమాసికపు మధ్యస్థ సంపాదనను కూడా లెక్కిస్తాం. ఇందుకు ఎవరికీ ఫోన్ చేయనక్కరలేదు. నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకోసారి ప్రభుత్వానికి దాఖలు చేసే జీతాల రికార్డులతో పేర్లు సరిపోల్చుకుంటాం. ఇండియాలో భవిష్యనిధి (పీఎఫ్) ఖాతాలతో ఇలాంటి పనే చేయవచ్చు కదా అని నాకు అనిపిస్తుంది. అయితే భవిష్యనిధి చట్టం ప్రధానంగా 20 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది కనుక, బట్టల కొట్టులో చేరినవాడు, సొంతంగా సెల్‌ఫోన్ రిపేరు పెట్టుకున్నవాడు అందులో కనిపించరు. మా రికార్డుల్లోనూ స్వయం ఉపాధివారు మాయమవుతారు.

జవాబు: మూడో షిఫ్టు

మీరందరూ కేంద్రం వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను అలాంటి కేంద్రంలో శిక్షణ పొంది, తిరిగి వచ్చేసినదాన్ని. మా శ్రీకాకుళం జిల్లా నుంచి 14 మందిమి తమిళనాడులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి వెళ్లాం. శిక్షణలో చెప్పిన జీతం నిజమే. కానీ హాస్టల్‌కు, భోజనానికి, బస్సుకు పట్టుకున్నాక చేతికి వచ్చేది ఎంతో ముందుగా ఎవరూ చెప్పలేదు. సాంబారు అన్నం, రాత్రి డ్యూటీ, భాష రాకపోవడం, నెలసరి రోజుల్లో కూడా లైన్ మీద నిలబడే ఉండటం. నేను నాలుగు నెలలు చేశాను, అంటే మీ పట్టికలో నేను విజయమే.

తిరిగి వచ్చాక నన్ను ఎవరూ లెక్కించలేదు. కానీ నేను ఊరికే లేను. అక్కడ నేర్చుకున్న సోల్డరింగ్‌తో మా బావగారి షాపులో ఇన్వర్టర్లు, మిక్సీలు బాగుచేస్తున్నాను. శాలరీ స్లిప్ లేదు. దాన్ని ఏ గడిలో రాస్తారు?

జవాబు: లెక్కల పంతులు

మూడో షిఫ్టు గారు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. 'అదే ఉద్యోగంలో ఉన్నారా' అని కాక, 'గడిచిన నెలలో ఏ పని చేసి ఎంత సంపాదించారు' అని అడగాలి. ఆ ప్రశ్నకు మీ షాపు పని లెక్కలోకి వస్తుంది. చేతికి వచ్చేది ఎంతో ముందే చెప్పాలన్న మీ మాటకు ఆధారం కూడా ఉంది. బీహార్, జార్ఖండ్‌లలో ఇదే దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణార్థుల్లో కొందరికి రాబోయే ఉద్యోగం గురించి, జీతం గురించి విడిగా సమాచార తరగతులు పెట్టి చూడగా, అవి విన్నవారు చేరిన ఉద్యోగంలో నిలిచే అవకాశం మిగతావారికంటే ఎక్కువగా కనిపించింది.

చీటీల విషయంలో పాత మొబిలైజర్ గారి మాటకు ఒప్పుకుంటున్నాను. బతిమాలి నింపే బ్యాచ్‌కు లాటరీ కుదరదు. కుదిరినా జాగ్రత్త అవసరమే; ఫ్రాన్స్‌లో 235 ప్రాంతాల్లో ఉద్యోగ సహాయ పథకాన్ని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సహాయం అందినవారికి దొరికిన ఉద్యోగాల్లో కొన్ని పక్కవారికి దక్కకుండా పోయినవేనని తేలింది. మూడు ఖాళీలున్న షాపులో మన వాళ్లు ముగ్గురు చేరితే, ఆ ఊరి నిరుద్యోగం తగ్గినట్టా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మెట్ట ఊరు గారికి ఉన్న రెండు నెలల్లో నేనైతే ఇలా చేస్తాను. ఒకే ఊరి నుంచి పేరు నమోదు చేసుకుని, చివరికి చేరనివారిని వెతికి పట్టుకుంటాను. ఎందుకు చేరలేదో అడుగుతాను: బస్సు దొరకలేదనో, ఆ వారంలోనే పెళ్లి వచ్చిందనో చెప్పేవారు పోలికకు పనికొస్తారు, వేరే ఉద్యోగం వచ్చి మానేసినవారు పనికిరారు. ఈ పోలికలోనూ లోపముంటుంది, నివేదికలో ఆ లోపాన్ని దాచకుండా రాయాలి. రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో ఇలాంటి కార్యక్రమాల ప్రభావం మొదటి ఏడాది దాదాపు లేనట్టే ఉండి, రెండు మూడేళ్లకు బయటపడుతుందని తేలింది కనుక, పాత బ్యాచ్‌తోనే మొదలుపెట్టండి, కొత్తదాన్ని వదిలేయండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: మెట్ట ఊరు

అందరికీ ధన్యవాదాలు. నిన్న నమోదు పుస్తకం తెరిచి చూశాం. మొదటి రెండు బ్యాచ్‌లకు పేరు రాయించుకుని చేరనివారు 19 మంది ఉన్నారు, అందులో 12 మంది మా మండలంవారే. పాత మొబిలైజర్ గారు ఒక్క సహాయం చేయగలరా? పని చేయని నంబరు ఉన్న పిల్లవాణ్ణి ఊళ్లో ఎవరిని అడిగితే దొరుకుతాడు?

జవాబు: పాత మొబిలైజర్

అంగన్‌వాడీ టీచరును అడగండి. ఆవిడకు ప్రతి ఇల్లూ తెలుసు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో కూడా తెలుసు. పండుగకు అందరూ ఇంటికి వస్తారు కనుక, వీలైతే సంక్రాంతి మూడు రోజులూ బండి ఖాళీగా ఉంచుకోండి.